మూడు కిలోల ప్రాణం

తెల్లటి బొచ్చు. కాటుక దిద్దినట్టుండే కళ్లు. వీపు మీదికి చుట్టుకున్న తోక. గేటు చప్పుడైతే చాలు, ఇల్లంతా మారుమోగేలా అరుపులు. పేరు స్నోయీ, జిమ్మీ, స్వీటీ... ఏదో ఒకటి. గుంటూరు అపార్టుమెంట్ల నుంచి పర్చూరు, అద్దంకి, మార్టూరు పల్లెల్లోని రైతుల డాబాల దాకా ఈ బుల్లి కుక్క ఎప్పుడో ఇంట్లో మనిషైపోయింది. ఏ జాతి అని అడిగితే 'పమేరియన్' అంటారు పిల్లలు. నాయనమ్మ మాత్రం 'మా బొచ్చుకుక్క' అనేస్తుంది.

దాని బరువు మూడు కిలోలు. కాస్త పెద్ద రకమైతే ఆరేడు. చుట్టూ ఉన్న లోకమేమో ఎకరాల లెక్కన, టిక్కీల లెక్కన, బర్రెల లెక్కన నడిచేది. పురుగుమందు ఎకరానికి ఇంత అని కొలుస్తారు. పశువుల మందు నాలుగు క్వింటాళ్ల బర్రెకు సరిపోయేలా ఇస్తారు. జ్వరం బిళ్ల పెద్దమనిషి ఒంటికి తగ్గట్టు తయారవుతుంది. వీటిలో ఏ కొలతా ఆ మూడు కిలోల ప్రాణానికి పనికిరాదు. బొచ్చుకుక్కల ప్రాణం మీదికొచ్చే ముప్పుల్లో చాలావాటికి మొదలు అక్కడే.

ఎక్కడి బాల్టిక్... ఎక్కడి పల్నాడు!

పమేరియన్ పేరులోనే దాని సొంతూరు ఉంది. బాల్టిక్ సముద్రం ఒడ్డున, నేటి పోలండ్, జర్మనీల్లో ఉన్న పొమెరేనియా. మంచులో బళ్లు లాగిన కుక్కలకు ఇది దూరపు చుట్టం. ఒకప్పుడు ఇంత చిన్నదేం కాదు. 1888లో ఇటలీలోని ఫ్లారెన్స్ వెళ్లిన విక్టోరియా రాణి అక్కణ్నుంచి మార్కో అనే పమేరియన్‌ని తెచ్చుకుంది. రాణిగారు చిన్నవాటి మీద మోజుపడితే ఊరుకుంటారా... జాతి మొత్తం చిక్కిపోతూ వచ్చింది. ఆ చిన్నతనం వాటికి కలిసొచ్చిన సందర్భమూ ఉంది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు మూడే మూడు కుక్కలు బతికి బయటపడ్డాయి. వాటిలో రెండు పమేరియన్లు. ఒళ్లో దాచుకుని పడవెక్కగలిగేంత బుల్లివి మరి!

అయితే మన ఇళ్లలో 'పమేరియన్' అని పిలుచుకునేవాటిలో చాలావరకూ ఇండియన్ స్పిట్జ్‌లు. తెల్లదొరలు తెచ్చుకున్న జర్మన్ స్పిట్జ్‌ల సంతతి, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన రకం. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా నటించింది ఈ తెల్లకుక్కే. అదే సినిమా 'ప్రేమాలయం'గా తెలుగులోకి వచ్చాక ఇక్కడి పిల్లలూ ఇలాంటి కుక్కే కావాలని మారాం చేశారు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనతో పగ్ వచ్చింది. ఆ తర్వాత షిట్జూలు వచ్చాయి. ఎన్నొచ్చినా బొచ్చుకుక్క మాత్రం వీధి వదల్లేదు.

ఇండియన్ స్పిట్జ్ మన వాతావరణానికి కొంత అలవాటు పడిందే. కానీ ఒంటి మీద చలిదేశపు కోటు అలాగే ఉంది.

ఆ రొప్పు ఊరికే కాదు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినపడని ఏడాది ఉండదు. ఆ ఎండలో మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు ఆ సదుపాయం లేదు. కాస్తో కూస్తో చెమట పట్టేది అరికాళ్లకే. ఒంట్లో వేడిని నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, రొప్పి పంపించుకోవాలి. నాలుక మీద, గొంతులో ఉన్న తడి ఆవిరైతేనే దానికి చలవ. బాపట్ల, చీరాల వైపు ఉక్కపోత రోజుల్లో ఆ తడి ఆరదు. థర్మామీటరు పల్నాడు కంటే నాలుగు డిగ్రీలు తక్కువ చూపించినా కుక్క ఎక్కువ అవస్థపడేది అందుకే. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన పగ్‌లకు, షిట్జూలకు ఇంకా కష్టం. గాలి పోయే దారే ఇరుకు.

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మనకైతే అది జ్వరం, దానికి మామూలే. 106 దాటిందంటే వడదెబ్బ. ఆగకుండా రొప్పడం, చొంగ చిక్కగా కారడం, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, నడక తూలడం, వాంతి... ఇవి కనిపిస్తే నిమిషాల మీద పని. నీడలోకి తెచ్చి కుళాయి నీళ్లతో పొట్ట, తొడలు, పాదాలు బాగా తడిపి ఫ్యాను వేయాలి. డాబా మీద ట్యాంకు నీళ్లు మాత్రం వద్దు. మే నెల మధ్యాహ్నం అవి సలసలమంటుంటాయి. బిందెలో నీళ్లు మేలు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. ఐసుగడ్డల కోసం పరుగెత్తనక్కర్లేదు. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచి, ఆ వెంటనే డాక్టరు దగ్గరికి. తేరుకున్నట్టు కనిపించినా సరే వెళ్లాలి, కిడ్నీలు, లివరు దెబ్బతిన్న సంగతి మర్నాటికి గానీ బయటపడదు.

షికారు తెల్లవారుజామున, లేదంటే పొద్దుగూకాక. రోడ్డు చల్లబడిందో లేదో తెలుసుకోవడానికి ఓ కిటుకుంది. అరచేతి వెనక వైపు తారు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టాలి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఎండాకాలం రాగానే చాలామంది చేసే పని ఇంకోటుంది. గుండు గీయించడం! జాలితోనే చేస్తారు. కానీ ఆ బొచ్చులో రెండు పొరలుంటాయి. అడుగున దూది లాంటి మెత్తటి పొర, పైన పొడవాటి వెంట్రుకలు. పైపొర ఎండను నేరుగా చర్మానికి తగలనీయదు. నున్నగా గీసేస్తే ఆ గొడుగు పోతుంది, చర్మం కమిలిపోతుంది. పైగా ఈ జాతికి ఒకసారి గీసిన బొచ్చు మళ్లీ సరిగా రాకపోవచ్చు. కొన్నిటికి నెలల తరబడి అట్టలు అట్టలుగా బోడిగానే ఉండిపోతుంది. చేయాల్సింది దువ్వడం. రాలిన అడుగుపొర అక్కడే చిక్కుపడి ఉంటే గాలి ఆడదు. వారానికి మూడుసార్లు దువ్వితే సగం చలవ అక్కడే. దువ్వెనకు దొరికే రెండో సంగతి ఇంకా ముఖ్యమైంది.

గోడ పగుళ్లలో శత్రువు

అదే గోమారి. కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు. చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద మినపగింజల్లా అతుక్కుని ఉంటాయి. రక్తం తాగి ఉబ్బాక ఆముదపు గింజంత అవుతాయి. చాలామంది వాటిని పీకి అవతల పారేస్తే పీడ విరగడైందనుకుంటారు. అక్కడే పొరపాటు. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. కడుపు నిండిన ఆడ గోమారి కిందికి దిగి, గోడ పగుల్లోనో తలుపు చట్రం వెనకో వేల గుడ్లు పెడుతుంది. అవి పిల్లలై, మళ్లీ కుక్కనెక్కి, మళ్లీ దిగి... ఆ సంసారమంతా ఇంట్లోనే సాగిపోతుంది. తిండి లేకున్నా నెలల తరబడి బతికే మొండి ప్రాణం అది.

రక్తం పోవడం చిన్న నష్టం. గోమారి ఎక్కించే జబ్బులు పెద్దవి. ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తంలో ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. కుక్క తిండి మానేస్తుంది, జ్వరం వచ్చి పోతుంటుంది, పొట్ట మీద ఎర్రటి మచ్చలు వస్తాయి. ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. బబీసియా అయితే ఎర్ర రక్తకణాల్లోనే దూరి వాటిని పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. 'ఎండకు డీలా పడింది, అదే సర్దుకుంటుంది' అనుకుని వారం ఆగిన ఇళ్లలో కుక్క దక్కడం కష్టం. రక్తపరీక్ష చేస్తే తెలిసిపోయే జబ్బులే ఇవి. ఎర్లికియాకు మందు కూడా ఖరీదైనదేం కాదు, డాక్సీసైక్లిన్. కాకపోతే సాధారణంగా 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకే కుక్క లేచి అన్నం తింటుంది కాబట్టి ఐదో రోజు మందు ఆపేస్తారు. కొన్నాళ్లకు జబ్బు మళ్లీ తల ఎత్తుతుంది, ఈసారి మూలుగ దాకా పోతుంది.

ఇక అసలు ప్రమాదం ఇంటి వెనక కొట్టంలో ఉంది.

పత్తి, మిరప పండే ఊళ్లలో పురుగుమందు డబ్బా లేని రైతు ఇల్లు అరుదు. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఒకప్పుడైతే ఇంటింటా మోనోక్రోటోఫాస్. 'చేలో పురుగే చస్తుంటే గోమారి చావదా' అన్న ఆలోచన వచ్చిన క్షణం, డబ్బా అడుగున మిగిలిన మందులో బకెట్ నీళ్లు కలిపి కుక్కకు స్నానం చేయించేస్తారు. గోమార్లు చస్తాయి, అది నిజమే. వాటితో పాటే కుక్కకూ ప్రాణం మీదికొస్తుంది.

ఈ మందుల పేర్ల చివర 'ఫాస్' ఉండటం ఊరికే కాదు. అన్నీ ఆర్గానో ఫాస్ఫేట్ కుటుంబానివి. నరం నుంచి కండకు వెళ్లిన సంకేతాన్ని పని అయ్యాక చెరిపేసే ఎంజైము ఒకటి ఒంట్లో ఉంటుంది. ఈ మందు దాన్ని పట్టేస్తుంది. దాంతో సంకేతం ఆగదు. కుళాయి కట్టేయడం మర్చిపోయినట్టు నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు, విరేచనాలు, మూత్రం అన్నీ ఒకేసారి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి శ్వాస అందదు. పురుగు చచ్చేదీ, కుక్క చచ్చేదీ ఒకే దారిలో. చర్మం నుంచీ మందు లోపలికి దిగుతుంది, అది చాలదన్నట్టు కుక్క ఒళ్లు నాక్కుంటుంది. మూడు కిలోల ఒంటికి చేలో వాడే మందు చెంచాడు కూడా ఎక్కువే.

ఒకవేళ జరిగిపోతే? చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, కుక్కను సబ్బుతో, ధారాళంగా నీళ్లు పోసి కడగాలి. చింతపండు రసం, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే వైద్యం వద్దు. డబ్బా వెంట తీసుకుని పశువైద్యశాలకు పరుగెత్తాలి. మందు పేరు తెలిస్తే డాక్టరుగారికి సగం పని తేలికవుతుంది. దీనికి విరుగుడుంది, అట్రోపిన్ ఇంజెక్షన్. పెద్దాసుపత్రుల్లో పురుగుమందు తాగినవాళ్లకు ఇచ్చేదీ ఇదే. వేళకు అందితే కుక్క బతికే అవకాశం బాగానే ఉంటుంది. బర్రెల పిడుదులకు వాడే మందునూ కుక్కకు అదే పాళ్లలో పట్టించకూడదు, బుల్లి కుక్కకు ఎన్ని చుక్కలో డాక్టరే చెప్పాలి.

గోమారికి సరైన మందులు లేకనా ఈ తిప్పలు? ఉన్నాయి. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలు ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. ఇప్పుడు నోటి బిళ్లలూ వచ్చాయి. అఫాక్సోలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ అయితే దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది. కుక్క బరువును బట్టి వేర్వేరు సైజుల్లో వస్తాయి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఖరీదెక్కువ అనిపించవచ్చు, ఎర్లికియా వైద్యం ముందు అదేమంత లెక్క కాదు. దానితో పాటు గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి, కుక్క పడుకునే గుడ్డ వారానికోసారి వేడినీళ్లలో ఉడకేయాలి.

చెక్క, పిండి, బిళ్ల

దొడ్లో ముప్పులు ఇంకో రెండున్నాయి. బర్రెలకు పెట్టే పత్తిగింజల చెక్కలో గాసిపోల్ అనే పదార్థం ఉంటుంది. నాలుగు గదుల పొట్ట ఉన్న బర్రె దాన్ని తట్టుకుంటుంది. కుక్క తట్టుకోలేదు, రోజూ కుడితిలో మూతి పెడితే గుండె దెబ్బతింటుంది. గులాబీ కుండీలకు వేసే ఆముదపు చెక్క పొడి ఇంకా చెడ్డది. వాసన కుక్కను లాగుతుంది, లోపల ఉండే రైసిన్ విషం. ఎలుకల మందు సంగతి సరేసరి.

ఇంట్లోనూ ఓ విషముంది, మందుల డబ్బాలో. కుక్క కుంటుతోందని ఐబుప్రొఫెనో డైక్లోఫెనాకో అరబిళ్ల వేస్తారు. అర అంటే తక్కువే కదా అని! అరవై కిలోల మనిషికి తయారైన బిళ్లలో సగం మూడు కిలోల ఒంట్లో పడితే పేగుల్లో పుండ్లు పడతాయి, కిడ్నీలు చెడతాయి. పారాసిటమాల్ కూడా సొంత వైద్యంగా వద్దు.

పెరుగన్నం ఒక్కటే చాలదు

మనం తినేది దానికీ పెట్టడం మన అలవాటు. ఇందులో తప్పేం లేదు, కొన్ని తీసేస్తే. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, కూరలో ఉడికినవైనా అంతే. అంటే ముద్దపప్పు పెట్టొచ్చు, తాలింపు పెట్టిన పప్పుచారు పెట్టకూడదు. కోడికూర ముక్క కడిగి పెట్టినా మసాలాలోని ఉల్లి అందులోనే ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగుకు గుచ్చుకుంటాయి. గుంటూరు కారం సంగతి చెప్పనే అక్కర్లేదు!

శాకాహారుల ఇళ్లలో రెండు పూటలా పెరుగన్నంతో పెరిగే కుక్కలున్నాయి. కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు చాలవు, బొచ్చు పలచబడుతుంది. కోడిగుడ్డు పెట్టడానికి అభ్యంతరం లేకపోతే అంతకంటే మంచిది లేదు. అదీ కుదరకపోతే కుక్కల కోసమే తయారుచేసిన శాకాహారపు దాణా దొరుకుతుంది. ఇక లావు. మూడు కిలోల కుక్క అరకిలో పెరగడం అంటే అరవై కిలోల మనిషి పది కిలోలు పెరగడమే. ఇంట్లో నలుగురూ నాలుగు మేరీ బిస్కెట్లు పెడితే ఆ అరకిలో వచ్చేస్తుంది. ఈ జాతికి మోకాలి చిప్ప జారడం పుట్టుకతో వచ్చే బలహీనత. నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి రెండు గెంతులు వేసిందంటే అదే. బరువు పెరిగిన కొద్దీ అది ముదురుతుంది. గొంతులో గాలిగొట్టమూ మెత్తన. మెడపట్టీ పట్టుకు లాగితే బాతు కూసినట్టు దగ్గుతుంది. మెడకు బదులు ఛాతీకి తొడిగే పట్టీ వాడాలి. పళ్లు గారపట్టడం కూడా ఎక్కువే. పసిపిల్లల బ్రష్‌తో తోమడం చిన్నప్పుడే అలవాటు చేస్తే సరి. మన పేస్టు మాత్రం వాడకూడదు.

ఆడకుక్క ఉంటే...

'ఒక్క ఈతైనా ఈననివ్వాలి' అంటారు పెద్దలు. బుల్లి కుక్కకు కాన్పు అంత సులువు కాదు. తల్లి కటి చిన్నది, పిల్ల తల పెద్దది. గంట సేపు గట్టిగా నొప్పులు తీసినా పిల్ల రాకపోతే ఆపరేషన్ అవసరం కావచ్చు. ఈనిన రెండు మూడు వారాలకు, పిల్లలు బాగా పాలు తాగే రోజుల్లో, తల్లి ఒంట్లో కాల్షియం హఠాత్తుగా పడిపోతుంది. వణుకు, బిర్రబిగుసుకోవడం, జ్వరం. గాలి సోకిందని దిష్టి తీస్తూ కూర్చుంటే గంటల్లో ప్రాణం పోతుంది. డాక్టరు రక్తనాళంలోకి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు కళ్లముందే లేచి నిలబడుతుంది.

ఈననివ్వని కుక్కకు ఇంకో బెడద. వయసు మళ్లాక గర్భసంచిలో చీము పడుతుంది. ఎదకొచ్చిన నెలా రెండు నెలలకు కుక్క ఎక్కువ నీళ్లు తాగుతూ, తిండి మానేసి, వాసనతో ద్రవం కారుతుంటే అనుమానించాల్సింది దీన్నే. పిల్లలు వద్దనుకున్నప్పుడు చిన్న వయసులోనే ఆపరేషన్ చేయిస్తే ఈ రెండు గొడవలూ ఉండవు.

కాటు మీద కారం!

నెల రోజుల పిల్లను బుట్టలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనకపోవడం మంచిది. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆపైన నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి. ఇవి పార్వో, డిస్టెంపర్ లాంటి వాటికి. పార్వో వస్తే రక్తపు విరేచనాలతో చిన్నపిల్లలు రెండు మూడు రోజుల్లోనే పోతాయి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలోకి దింపకూడదు.

మూడు నెలలకు రేబిస్ టీకా. ఆ తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, అక్కణ్నుంచి ఏటా. 'మా కుక్క గడప దాటదు, దానికెందుకు' అనేవాళ్లుంటారు. గేటు సందులోంచి వీధికుక్కతో పోట్లాడే కుక్క ఏది గడప దాటనట్టు? ఏటా జూలై 6న పశుసంవర్ధక శాఖ ఉచితంగా ఈ టీకాలు వేస్తుంటుంది. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి తన టీకా వేశాడు. పిల్లాడు బతికాడు.

నూటనలభై ఏళ్లు దాటినా ఈ మిరపనేలలో కుక్క కాటు మీద కారం అద్దే వైద్యం పూర్తిగా పోలేదు. కారం, సున్నం, పసుపు ఏవీ రేబిస్‌ను ఆపవు, పుండును రేపుతాయి. కరిచింది మన పెంపుడు కుక్కే అయినా, పన్ను గీరుకున్నదే అయినా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యం.

ఇన్నిటిని దాటుకుంటే బొచ్చుకుక్క పన్నెండేళ్లు తేలిగ్గా బతుకుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్లవీ ఉంటాయి. అప్పటికి కళ్లు పాలరంగు తిరుగుతాయి, చెవి మందగిస్తుంది. రాత్రిళ్లు దగ్గు మొదలైతే అది చలి దగ్గు కాకపోవచ్చు, గుండె కవాటం వదులై ఉండొచ్చు. దానికీ మందులున్నాయి. చూపు తగ్గిన కుక్కకు ఇల్లు వాసనతో, లెక్కతో గుర్తుంటుంది. దాని నీళ్ల గిన్నె, పడక ఉన్న చోటనే ఉంచితే గుడ్డిదైనా తడుముకోకుండా తిరుగుతుంది. గేటు చప్పుడు వినపడకపోయినా, బండి ఆగే వేళకు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటుంది.